నాన్నకి కుక్కపిల్ల పెట్టమ్మా

అక్టోబరు 3, 2008, శుక్రవారం

ఆరాధన అయ్యాక ఇంటికి ఫోన్ చేశాను. అత్తగారు ఎత్తారు. అక్సా రాలేదు.

"ఆడుకోడానికి వెళ్ళింది బాబూ" అన్నారు.

పక్కనే ఉన్నట్టు దాని గొంతు వినపడింది. "ఫొటో పంపాడేమో అడుగమ్మమ్మా."

ఫొటో అంటే సువార్త సమాధిది. అమ్మ ఎక్కడుందో చూపించేదాకా నాతో మాట్లాడదట. బడి తెరిచినప్పటి నుంచీ ఇదే వరస. తొమ్మిదేళ్ళ పిల్ల. పట్టుదల తల్లిది.

నవంబరు ఇరవైకి ఏడాది. పాలకొల్లులో జ్ఞాపకార్థ కూటం పెట్టుకుంటున్నారు. మన ఫెలోషిప్ వీరలక్ష్మి నవంబరు రెండో వారంలో సెలవు మీద అటే వెళ్తోంది. ఆమె చేతికి ఇస్తే పిల్ల చేతికి అందుతుంది. ఇంకా చాలా టైం ఉంది.

కెమెరా బీరువాలో ఉంది. బ్యాటరీ అయిపోయింది.

అక్టోబరు 4

చార్జర్ దొరకలేదు.

అక్టోబరు 6, సోమవారం

చార్జర్ దొరికింది. సువార్త నర్సు డ్యూటీ బూట్ల డబ్బాలో. పైన క్లినిక్‌కి వేసుకెళ్ళే తెల్ల మేజోళ్ళు. అక్కడ ఎందుకు పెట్టిందో.

మేజోళ్ళు అక్కడే ఉంచాను.

అక్టోబరు 7, మంగళవారం

కెమెరా నేనెప్పుడూ సరిగ్గా పట్టుకోలేదు. ఆమే పట్టుకునేది. ఈరోజు డ్యూటీ నుంచి వచ్చి కూర్చుని చూశాను.

పైన చిన్న చక్రం. ఒకచోట సీన్ అని ఉంది. అక్కడికి తిప్పితే తెర మీద బొమ్మలు వస్తాయి. ఆడమనిషి తల ఉంటే పోర్ట్రెయిట్. కొండలుంటే ల్యాండ్‌స్కేప్. చంద్రుడు, కొవ్వొత్తి, తారాజువ్వ, మంచు రేకు, పిల్లాడూ వాడి పక్కన కుక్కపిల్లా, ఇంకా ఏవేవో. ప్రతి బొమ్మ కిందా ఇంగ్లీషులో ఒక వాక్యం. చదువుకుని పెట్టుకుంటే తప్పు జరగడానికి వీల్లేదు.

నేను స్టోర్ కీపర్ని. మీనా సల్మాన్ రేవులో మా వర్క్‌షాపుకి పడవలు రిపేరుకొస్తాయి. డబ్బా మీద ఏ పేరుంటే లోపల అదే సామాను ఉండాలి. లేకపోతే ఒక వాషర్ కోసం పడవ ఆగిపోతుంది. ఇంట్లోనూ పప్పు డబ్బాలకి చీటీలు అంటించాను. ఆమె మినప్పప్పు అని రాసిన డబ్బాలో కందిపప్పు పోసేది. అడిగితే "దీని మూత గట్టిదండీ" అనేది.

కెమెరాతోనూ అంతే. పాస్టర్ జాన్ పాల్ గారి ప్రసంగాన్ని మ్యూజియం మోడ్‌లో తీసేది. ఫ్లాష్ కొట్టదట, ఆయన ఉలిక్కిపడరట. సముద్రం దగ్గర తారాజువ్వల మోడ్ పెట్టి కార్ల లైట్లు తీసింది. నన్ను తీయాలంటే మాత్రం ఎప్పుడూ కుక్కపిల్ల.

ఆ ఆచారం అక్సాది. పోయిన ఏడాది వేసవి సెలవులకి దాన్ని ఇక్కడికి తెచ్చుకున్నప్పుడే కెమెరా కొన్నాం. ఏ ఫొటోలో చూసినా నా కళ్ళు మూతపడేవి. కుదురుగా నిలబడని పిల్లలకీ, పెంపుడు జంతువులకీ అని రాసి ఉన్న మోడ్ పెట్టి చూసింది సువార్త. అందులో కళ్ళు తెరుచుకుని పడ్డాను. ఇక అక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళినా పిల్ల అరుపే. "నాన్నకి కుక్కపిల్ల పెట్టమ్మా!" మనామా బజారులో అరిస్తే ఒక హైదరాబాదాయన ఆగి చూశాడు.

కార్డులో ఉన్నవి కొన్ని చూశాను. నేను, అక్సా, అక్సా, నేను, పెరుగన్నం గిన్నె, అక్సా. ఒకదాంట్లో మూలన ఎర్రగా మసకగా ఏదో ఉంది. ఆమె వేలు.

ఆపేశాను. బ్యాటరీ మిగల్చాలి.

అక్టోబరు 9, గురువారం

కెమెరా బాగా పట్టుబడాలని స్టోర్‌కి తీసుకెళ్ళాను. భోజనాల వేళ నర్సింగ్ వచ్చాడు. మా దగ్గర హెల్పర్. జగిత్యాల దగ్గరి మనిషి. నువైద్రాత్ లేబర్ క్యాంపులో ఉంటాడు.

"అరె, అక్క కెమెర!" అన్నాడు. మళ్ళీ అందుకున్నాడు. "సారూ, ఒక్క ఫొటో కొట్టుర్రి. మా కళకు వంపాలె. దుబాయిల ఏం దింటున్నవో, బక్కగైనవ్ అని ఫోన్ల ఒకటే లొల్లి." కళ వాడి భార్య, ఆమెకి ఏ అరబ్బు దేశమైనా దుబాయే.

బయట మేనేజర్ తెల్ల కారు ఉంది. దానికి ఆనుకుని, సొంతదారులా పైకప్పు మీద చేయి వేసి నిలబడ్డాడు. ఛాతీ నిండా గాలి పీల్చి బిగబట్టాడు, లావుగా కనపడాలని.

"మంచు వెట్టుర్రి సారూ."

"మంచెందుకు?"

"ఏమో నాకేమెర్క. అక్క గదే వెట్టేది. మొకం తెల్లగ వడ్తది."

"ఇక్కడ మంచెక్కడుంది నర్సింగ్? మనిషిని తీస్తే పోర్ట్రెయిట్."

"జల్ది కొట్టుర్రి మరి, ఊపిరాగుతలేదు."

తీశాను. కారు వచ్చింది. వెనక గోడౌన్ రేకు గోడ వచ్చింది. మధ్యలో నర్సింగ్ ఉండాల్సిన చోట నల్లగా ఒక ఆకారం.

"గిదేంది సారూ! కారు మంచిగొచ్చింది గని నేనేడున్న? బొగ్గుల బస్త నిలవెట్టినట్టున్నది. మా కళ జూస్తె కారుతోనె సంసారం జేస్తనంటది."

ఎండ ఎక్కువగా ఉందని చెప్పాను. మోడ్ మాత్రం సరైనదే.

అక్టోబరు 10, శుక్రవారం

వెళ్ళాను. సమాధుల వరసలు పెరిగాయి. వెంటనే దొరకలేదు. కాపలాకి ఒక కేరళ ముసలాయన ఉంటాడు. పేరు చెబితే నడిపించుకుని వెళ్ళాడు. "చాలా రోజులైంది" అన్నాడు హిందీలో. ఎవరిని అన్నాడో.

ఆటో మోడ్‌లో ఆరు తీశాను.

అక్సా ఈరోజు కూడా రాలేదు. ఫొటో తీశానని అత్తగారికి చెప్పాను. ఆమె లోపలికి తిరిగి "తీశాడంటమ్మా" అన్నారు. "తీస్తే పంపమను" అని వినపడింది.

ఆమెను ఇక్కడే ఎందుకు పెట్టానని అత్తగారు నన్ను ఎప్పుడూ అడగలేదు. పంపాలంటే కాగితాలకి చాలా రోజులు పడుతుందన్నారు. అందుకే.

అక్టోబరు 11, శనివారం

ఆఫీసు కంప్యూటర్లో పెద్దవి చేసి చూశాను. పనికిరావు. చుట్టూ సిమెంటు గట్టు, మధ్యలో ఇసుక, తలవైపు చిన్న సిలువ. అంతా ఒకే రంగు. రోడ్డు పని మధ్యలో వదిలేసి వెళ్ళినట్టుంది. సిలువ మీద పేరు చదవడానికి లేదు.

ఆటో పెట్టడం పొరపాటు. ఆటో దేనికీ ప్రత్యేకం కాదు. ల్యాండ్‌స్కేప్ పెట్టాల్సింది.

అక్టోబరు 17, శుక్రవారం

ల్యాండ్‌స్కేప్. బాగా స్పష్టంగా వచ్చింది. ప్రహరీ గోడ, గోడ అవతల కరెంటు టవరు, దాని తీగలు, నీళ్ళ ట్యాంకరు, ట్యాంకరు నంబరు ప్లేటు. అన్నీ చదవవచ్చు. సమాధి కింద మూలన ఉంది.

పిల్ల ముందు ట్యాంకరు చూస్తుంది.

ఫోన్ చేయలేదు. ఫోన్ కార్డు కొనడం కుదరలేదు.

అక్టోబరు 20

వర్క్‌షాపులో ఓవర్‌టైం. అలసట.

అక్టోబరు 24, శుక్రవారం

ఆరాధన ముగిశాక టీ దగ్గర వీరలక్ష్మి పట్టుకుంది. అమ్వాజ్‌లో అపార్ట్‌మెంట్లు శుభ్రం చేసే పని ఆమెది. సువార్త వారంవారం బస్సులో తన పక్క సీటు ఆమెకి ఆపి ఉంచేది.

"ఏంటన్నయ్యా, ఫొటో ఇస్తారా ఇవ్వరా? పెట్టె సర్దేసుకుంటున్నానండీ. మీ వాటా చోటు అలాగే ఉంచాను. చేతులూపుకుంటూ వెళ్ళి ఆ పిల్ల మొహం ఎలా చూడను?"

"తీస్తున్నాను. సరిగ్గా రావడం లేదు."

"ఏదీ, చూపించండి."

చూపించాను. ఒక్కొక్కటీ జరుపుతూ చూసింది. ఆమె వేలు ట్యాంకరు మీద కూడా ఆగలేదు.

"బాగానే ఉందిగా? దీంట్లో ఏముందని దాస్తున్నారు?"

"మోడ్ కుదరలేదు."

"మోడేంటండీ బాబూ! సమాధి సమాధిలాగే ఉంటుంది."

ఆమె మళ్ళీ మొదటి ఫొటోకి వెళ్ళింది. దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. గొంతు తగ్గించింది.

"అన్నయ్యా, సున్నం వేయలేదా?"

"ఇక్కడ ఎవరూ వేయరు."

"ఎవరో వేయకపోతే మనకేంటి? సమాధుల పండక్కి మనూళ్ళో ఎలా ఉంటుందో మర్చిపోయారా? పేదోళ్ళైనా రెండు పూతలు వేసి, రెండు పూలు పెడతారు. వేయకుండా ఉన్నది ఎవరిదండీ? ఎవరూ లేనోళ్ళది. మీరు ఇది పంపితే మీ అత్తగారు దానమ్మ గారు మోడ్ చూడరు. సున్నం లేదని చూస్తారు. మా సువార్తకి అక్కడ ఎవరూ లేరా అనుకుంటారు."

ఆమె పెద్దగా అనలేదు. అయినా టీ పోస్తున్న ఇద్దరు తిరిగి చూశారు.

తర్వాత వెళ్ళాను. సాయంత్రం అయింది. సూర్యాస్తమయం మోడ్ పెడితే ఇసుక కుంకుమలా వచ్చింది. అది అబద్ధం. పోర్ట్రెయిట్ పెట్టాను. అందులో ముఖం ఎక్కడుందో కెమెరా తనే వెతుక్కుంటుంది. దొరికితే తెర మీద పసుపు చదరం వస్తుంది. రాలేదు. కొంచెం పక్కకి జరిగితే వచ్చింది. వెనక వరసలో ఎవరో ఫిలిప్పీన్స్ అమ్మాయి సమాధి రాయి మీద చిన్న ఫొటో అతికించి ఉంది. దానికి వచ్చింది.

మళ్ళీ సువార్త వైపు తిప్పాను. చదరం పోయింది.

పెట్టెలో కట్టి సామానులా పంపడం ఆమెకి ఇష్టం ఉండేది కాదు. అందుకే ఇక్కడ.

అక్టోబరు 27, సోమవారం

పాస్టర్ గారికి ఫోన్ చేసి అడిగాను. సమాధుల పండుగకి ఫెలోషిప్ నుంచి నలుగురు వస్తే బాగుంటుందని.

"వందనాలు బ్రదర్. మీ బాధ నాకు తెలుసు. కానీ మన ఫెలోషిప్‌లో ఆ పండుగ లేదు. రకరకాల సంఘాల వాళ్ళం. ఒకటి మొదలుపెడితే ఇంకొకటి వస్తుంది. తరువాత నన్ను అడుగుతారు."

సరేనన్నాను.

మళ్ళీ ఆయనే అన్నారు. "మీరు సొంతంగా వెళ్తే ఎవరు కాదంటారు? మా ఇంట్లో వెడల్పాటి కుంచె ఉంది. గోడలకి కొన్నది. పంపించనా?"

చూస్తానన్నాను.

అక్టోబరు 31, శుక్రవారం

గాలి. ఇసుక. కెమెరాలోకి పోతే పాడవుతుంది. వెళ్ళలేదు. ఆరాధనకి కూడా.

నవంబరు 1, శనివారం

నర్సింగ్ అడిగాడు, నిన్న ఫొటో తీసినరా అని. గాలిదుమారం అని చెప్పాను.

"గాలేడిది సారూ? మాకాడ క్యాంపుల తీగె మీద బట్టలారేసినం. అంగి కూడ ఊగలే."

నువైద్రాత్ ఎక్కడ, మా ఇల్లు ఎక్కడ. గాలి అన్నిచోట్లా ఒకలా ఉండదు.

నవంబరు 2, ఆదివారం

సమాధుల పండుగ. డ్యూటీ.

నవంబరు 3, సోమవారం

భోజనం దగ్గర నర్సింగ్ తన డబ్బా పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"వీరలక్ష్మక్క మా క్యాంపుకొచ్చింది నిన్న."

"ఎందుకు?"

"వాళ్ళూరోళ్ళు ఎవలో ఉన్నరట. వాళ్ళ సామాన్ దీస్కపోను. నన్ను జూసి నిలవెట్టి కడిగింది. మీ సారు ఇసుకకు ఫొటోలు దీస్తుండట గద, నువ్వేం జేస్తున్నవ్‌రా, సున్నమెయ్య రాదా అన్నది. నాకేమెర్క సారూ మీ ఆచారం? మాదాంట్ల బూడిదె నీళ్ళల్ల కలిపితె ఖలాస్."

"ఇక్కడ ఎవరూ వేయరు నర్సింగ్."

"ఎవ్వలెయ్యకుంటేంది?"

ఇద్దరూ ఒకటే మాట. మాట్లాడుకునే వచ్చారేమో.

"మా మేస్త్రి ముత్తన్న దగ్గర సగం బస్త సున్నం ఉన్నది. శుక్రారం నాకు డ్యూటి లేదు. పొద్దుగాల పోదాం." తిన్నాడు. చేయి కడుక్కుని వచ్చి నిలబడ్డాడు. "సారూ, మల్ల గాలిదుమారమని జెప్పకుర్రి."

నవంబరు 5

పాస్టర్ గారి అబ్బాయి కుంచె ఇచ్చి వెళ్ళాడు. వెడల్పుదే. అంచులకి పనికిరాదు.

నవంబరు 7, శుక్రవారం

పొద్దున్నే నర్సింగ్‌తో వెళ్ళాను. ఎవరిదో పికప్‌లో బకెట్టు, సున్నం, నీళ్ళ క్యాన్ వేసుకుని వచ్చాడు. కాపలా ముసలాయన బకెట్టు చూసి చేతులు అడ్డం పెట్టాడు. ఎందుకో చెప్పాను. కాసేపు ఆలోచించాడు. మా దగ్గరా దీపాలు పెడతారు అన్నాడు. పక్కవాటి మీద చుక్క పడకూడదని చెప్పి వెళ్ళి నీడలో కూర్చున్నాడు.

నేను నీలిమందు వేయాలన్నాను. చిటికెడు వేస్తే తెలుపు తేరుతుంది. మా ఊళ్ళో అలాగే వేస్తారు. చిన్న పొట్లం జేబులో పెట్టుకుని వెళ్ళాను.

"నీలి ఎక్కువైతె అంగి లెక్కుంటది సారూ."

"చిటికెడే."

"మీ చిటికెలు నేన్ జూసిన. ఛాయల చక్కెరేస్తరు గద."

వాడే వేశాడు.

ముందు పాత చీపురుతో గట్టు ఊడ్చాం. ఇసుక మీద గులకరాళ్ళు చెదిరిపోయి ఉంటే మళ్ళీ సర్దాను. గట్టుకి మొదటి పూత నేను వేశాను. ఎండకి వెంటనే ఆరిపోతోంది. రెండో పూత నర్సింగ్ వేశాడు. సిలువకి నేనే వేశాను. పేరు అక్షరాల్లో సున్నం నిండకుండా గుడ్డతో తుడుస్తూ వేశాను. మోకాళ్ళ మీద కూర్చోవాల్సి వచ్చింది. కుడిపక్క అంచు సరిగ్గా రాలేదు, కుంచె వల్ల.

నర్సింగ్ కాసేపు చూసి అన్నాడు. "నాకు పోయినేడాది రంజాన్ల జరమొచ్చినప్పుడు అక్క బస్సు దిగి క్యాంపుకొచ్చింది సారూ. మీకెర్కేనా?"

తెలియదు.

"సూదేసి, పొమ్మంటె పోలే. గంజి తాగిందాంక కూసున్నది. పోతపోత ఫొటో తీసింది. జరమున్నోన్ని ఫొటో ఏందక్కా అంటె, మీ ఆమెకు చూపియ్యి, బతికే ఉన్నవని నమ్ముతది అన్నది. గప్పుడు గూడ మంచే."

ఎండలో తెల్లటి గట్టు చూడలేకపోయాను. కళ్ళు చికిలించాల్సి వచ్చింది. పాలకొల్లులో మా అమ్మ సమాధి కూడా పండగనాడు ఇలాగే కళ్ళలో కొట్టేది. పూలు తేలేదు. అది గుర్తులేదు. నర్సింగ్ దారిలో ఏదో తోట పక్కన ఆపి కోసుకొచ్చిన ఎర్ర కాగితం పూలు పికప్‌లో ఉన్నాయి. పోలీసు చూస్తే ఏమయ్యేదో. పెట్టాం.

ఆటోలో తీశాను. తెర మీద చూస్తే మళ్ళీ అదే. సున్నం బూడిద రంగు. ఇంత తెలుపు కళ్ళెదురుగా ఉంటే కెమెరాకి బూడిద ఎలా కనపడుతుందో అర్థం కాలేదు. ల్యాండ్‌స్కేప్. బూడిదే. ఇంకొంచెం నల్లగా. మంచి ఎండ, కొత్త సున్నం, మనం చేయగలిగిందంతా చేశాం. కిందకి దించేశాను.

నర్సింగ్ నోరు తెరవబోయి ఆగాడు. వాడు ఏం అనబోయాడో తెలుసు.

మంచు పెట్టాను.

తెల్లగా వచ్చింది. సున్నం సున్నంలా. సిలువ మీద సువార్త అని చదవవచ్చు. పూలు ఎర్రగా. ఆకాశం కొంచెం పాలిపోయింది, అది ఫర్వాలేదు.

ఆ మోడ్ కింద రాసి ఉన్నది మళ్ళీ చదివాను. మంచు, ఇసుక లాంటి మరీ తెల్లటి చోట్లకి అని ఉంది. ఇసుక అని కూడా ఉంది. నేను మంచు దగ్గరే ఆగిపోయాను. ఈ ఊరంతా తెల్ల గోడలే. ఆమె అందరినీ గోడల ముందే నిలబెట్టి తీసేది. అందుకే అది పెట్టేది. మూత గట్టిగా ఉన్న డబ్బా.

"ఇగో, ఇప్పుడొచ్చిందక్క" అన్నాడు నర్సింగ్ తెర చూసి. అక్కే అన్నాడు, ఫొటో అనలేదు.

తర్వాత కెమెరాకి చేయి చాచాడు. "మీరు నిలవడుర్రి. నేన్ తీస్త."

"నేనెందుకు?"

"పిల్ల అడిగింది అమ్మ ఏడున్నదనే గదా సారూ. నాయిన ఏడున్నడో గూడ సూస్తది."

కాళ్ళవైపు నిలబడ్డాను. తీశాడు. చూపించాడు. కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ తీశాడు. మళ్ళీ అంతే. మూడోసారి సగం.

"యల్లా సారూ, కండ్లు దెరువుర్రి జెర! నిద్రపోనీకొచ్చినట్టున్నది."

వాడి దగ్గరికి వెళ్ళి కెమెరా తీసుకున్నాను. బొమ్మ మార్చి మళ్ళీ వాడికిచ్చాను. ఏ బొమ్మో రాయను. వెళ్ళి నిలబడ్డాను. తీశాడు.

ఇక్కడ ఉంటే శుక్రవారం శుక్రవారం రావచ్చని. అందుకే ఇక్కడ పెట్టాను. అంతే.

ఫోన్ చేయలేదు. ముందు ఫొటో వెళ్ళనీ.

నవంబరు 9, ఆదివారం

స్టూడియోలో రెండు ఫొటోలు వేయించాను. ఒకటి సమాధి. రెండోది నర్సింగ్ తీసింది. రంగులు తగ్గించనా, మరీ తెల్లగా ఉంది అన్నాడు స్టూడియో అబ్బాయి. వద్దన్నాను.

నవంబరు 10, సోమవారం

వీరలక్ష్మి పని అయ్యాక స్టోర్ దగ్గరికి వచ్చింది. రెండో ఫొటో తీసేద్దామనుకున్నాను. ఒక్కటి చాలు కదా. కవరు అప్పటికే అంటించేసి ఉంది.

"నేను చూడొద్దా?" అంది.

"అంటించేశాను."

"సరే. సున్నం వేశారా?"

"ఆఁ."

"రెండు పూతలా?"

"రెండు."

కవరు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. పెద్దపెట్టెలో వేయనంది, అది ఎక్కడ తిరిగి వస్తుందో చెప్పలేమట. వెళ్తూ గేటు దగ్గర ఆగి, "అన్నయ్యా, ఈ ఏడాదిలో మీరు ఒక్కసారి కూడా సెలవు అడగలేదటగా" అంది. ఎవరు చెప్పారో.

పనులున్నాయి అన్నాను.

నవంబరు 12

ఆమె విమానం ఈరోజు.

నవంబరు 14, శుక్రవారం

ఫోన్ ఎత్తింది అక్సా.

హలో అనలేదు. ఊపిరి వినపడింది.

"నాన్నా."

"ఆఁ."

"సున్నం ఎవరేశారు?"

"నేనూ, నర్సింగ్ అంకులూ."

"కుడిపక్క అంచు వంకరగా ఉంది."

"కుంచె పెద్దది."

"ఆ పూలు ఏం పూలు?"

"కాగితం పూలు."

"వాడిపోవా?"

"పోతాయి. మళ్ళీ పెడతాను."

"అమ్మ తల ఎటు?"

"సిలువ ఉన్నవైపు."

"అయితే నువ్వు కాళ్ళ దగ్గరున్నావా?"

"ఆఁ."

కాగితం చప్పుడు. ఫొటో తిప్పుతున్నట్టుంది.

"నీ కళ్ళు తెరిచున్నాయి."

"ఆఁ."

"కుక్కపిల్ల పెట్టారా?"

"పెట్టాం."

"ఆ అంకుల్‌కి ఎలా తెలుసు?"

"ఆయనకి తెలీదు. నేనే పెట్టి ఇచ్చాను."

ఫోన్ దేనికో తగిలిన చప్పుడు. తర్వాత అత్తగారి గొంతు.

"ఏడుస్తోంది బాబూ. కంగారు పడకండి. ఏడవనీండి దాన్ని. చావు కబురు వచ్చిన్నాడు కూడా ఏడవలేదది." ఫొటో ఆమె చేతిలోకి తీసుకున్నట్టున్నారు. "తెల్లగా ఉంది బాబూ. మా అమ్మాయి దగ్గర చాలా తెల్లగా ఉంది."

"ఉండండి, మళ్ళీ అడుగుతోంది" అన్నారు.

"నాన్నా, కెమెరా ఎక్కడుంది?"

"ఇక్కడే. నా దగ్గరే."

"వచ్చేటప్పుడు తీసుకొస్తావా? నేను తీస్తాను నిన్ను."

"తెస్తాను."

"ఆ బొమ్మ మార్చకు. అలాగే ఉంచు."

"ఉంచుతాను."

"ఎప్పుడొస్తావు?"

చెప్పేలోగా ఫోన్ కార్డు అయిపోయింది. కిందకి వెళ్ళి ఇంకొకటి కొన్నాను. కొని చేతిలో పట్టుకుని కూర్చున్నాను. చెప్పడానికి తేదీ కావాలి.

నవంబరు 15, శనివారం

సెలవు అడిగాను. ఇరవైకి కుదరదు, డిసెంబరు మొదటి వారంలో వెళ్ళమన్నాడు మేనేజర్. ఏడాది నుంచి అడగలేదేమని ఆయనా అడిగాడు.

అక్సాకి ఫోన్ చేసి చెప్పాను. "డిసెంబరంటే డిసెంబరేనా?" అంది. అవునన్నాను.

భోజనాల వేళ నర్సింగ్‌ని పిలిచి మళ్ళీ అదే తెల్ల కారు దగ్గర నిలబెట్టాను. చేయి పైకప్పు మీద వేసి గాలి పీల్చాడు. అడగకముందే మంచు పెట్టాను. ముఖం వచ్చింది, పళ్ళతో సహా.

"ఇగ జూడు! ఇప్పుడు కళ కారు దిక్కే సూడది" అన్నాడు.

వాడు వెళ్ళాక బొమ్మ మళ్ళీ కుక్కపిల్ల దగ్గరికి మార్చి కెమెరా ఆపాను.